గీతకు జానెడు కింద

"సుత్తి అందుకోండి మాస్టారూ, పన్నెండవుతోంది. ఒక్క దెబ్బ వేసేస్తే పనైపోతుంది," అని అధ్యక్షుడు మళ్ళీ తొందరపెట్టాడు. ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు రాళ్ళ పండితుల సంఘానికి పెద్ద.

మాస్టారు సుత్తి అందుకున్నారు గానీ కొట్టలేదు. కొండచరియ ముందు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతున్నారు. ఎడమచేతి పిడికిలి విప్పడం లేదు. కింద కుర్చీల్లో ఊళ్ళు దాటి వచ్చిన జనం, ఎండకు కాగితాలు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు.

భూమి పుట్టినప్పటి నుంచీ గడిచిన కాలాన్ని యుగాలుగా విడగొట్టడం వీళ్ళ పని. రాతిపొరలే వీళ్ళకు క్యాలెండరు. ఏదైనా కొత్త జీవి మొట్టమొదట కనిపించిన పొర దగ్గర గీత గీసి, పెద్దలంతా ఒప్పుకున్నాక అక్కడ ఇత్తడి మేకు దిగ్గొడతారు. అక్కణ్ణుంచి పైకి కొత్త యుగమన్నమాట. ఒక్కో యుగానికి లోకమంతటికీ మేకు ఒక్కటే. ఈ చరియలో మూడుగీతల గవ్వ మొదట వచ్చిన చోటు పట్టుకోవడానికి మాస్టారికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. మేకు ఒకసారి దిగిందా, ఆ తర్వాత కింద ఏం దొరికినా గీత కదలదు.

భార్య నీళ్ళ సీసా పట్టుకుని దగ్గరకొచ్చింది. "ఏమైందండీ? మొహం అలా పీక్కుపోయిందేం?"

మాస్టారు పిడికిలి విప్పారు. గోరంత రాతిగవ్వ. దాని వీపు మీద మూడు గీతలు.

"ఇప్పుడే దుమ్ము తుడుస్తుంటే ఊడొచ్చిందే. గీతకు జానెడు కింద."

"జానెడంటే ఎన్నేళ్ళు?"

"ఓ లక్షేళ్ళు."

"ఓస్, ఇంతేనా! మీ లెక్కల్లో లక్షేళ్ళంటే ఆవులించినంత సేపు. జేబులో పడేసి మేకు కొట్టండి."

"తప్పని తెలిసి ఎలా కొట్టనే?"

"చెబితే ఏమవుతుంది?"

"సభ ఆగిపోతుంది. అంతా మళ్ళీ మొదట్నుంచి వెతకాలి. నాకు డెబ్భై నాలుగు. ఈలోగా మేకు ఇంకో దేశం కొండకు పోతుంది."

"అందుకే నోరు మెదపకండి అంటున్నా. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాగా."

ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఆయన వెనకాల రాళ్ళసంచీ మోసిన మనిషి. నీళ్ళ సీసా చంకలో పెట్టుకుని, ఆయన చేతిలో సుత్తి తనే తీసుకుంది.

"ఒరేయ్, ఇలా రా," అని మాస్టారు గట్టిగా పిలిచారు. "సభ ఆపించు. గీత తప్పు."

అధ్యక్షుడు పరుగున వచ్చాడు. "మెల్లగా మాస్టారూ, అందరూ వింటారు!"

"వినాలనేరా చెబుతున్నా. ఇదిగో, చూడు."

గవ్వను శిష్యుడి అరచేతిలో పెట్టారు. కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో లేచి నిలబడ్డారు. అధ్యక్షుడి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏంట్రా, పలకవేం? నా పరువు పోతోందనా? పోతే పోనీ. కొత్త చోటు నువ్వే వెతుకు. నీకింకా వయసుంది."

అధ్యక్షుడు అక్కడే రాతిమీద కూలబడ్డాడు. కోటు లోపలి జేబులోంచి ఓ అగ్గిపెట్టె తీసి తెరిచాడు. అందులో దూది, దూదిలో ఇంకో గవ్వ. దాని మీదా మూడు గీతలే.

"పోయినేడాదే దొరికింది మాస్టారూ," అన్నాడు తల దించుకుని. "మూరెడు కింద."