మూడో మెట్టు మీద జారిన మొగుడు

“ఎన్ని మెట్ల మీంచి పడ్డారు?” ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుతురుకి పట్టుకుని అడిగాడు ఎముకల డాక్టరు.

“ఆరు,” అన్నాడు బల్ల మీద కూర్చున్న భర్త.

“ఇంట్లో మూడన్నారుగా?” అంది భార్య.

“మూడో మెట్టు మీద జారాను. మిగిలిన మూడూ దొర్లాను.”

ఇరవై రెండేళ్ళ కాపురంలో మొగుడి మాట నమ్మడం ఆమె మానేసింది. అడగడం మానలేదు.

“ఆ తెర వేయించండి డాక్టరు గారూ. మూడో అంతస్తు. కిందికి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి.”

డాక్టరు తెర లాగి, భర్త చేత చొక్కా విప్పించాడు. రెండు భుజాల మీదా బెత్తెడు వెడల్పున కమిలిన చారలు.

“ఇవేమిటి?”

“మెట్ల పక్క కమ్మీ తగిలింది.”

“రెండువైపులా సమానంగా తగిలిందే! పక్షపాతం లేని కమ్మీ.”

“ఎన్నిసార్లు చెప్పినా అంతే ఈయన,” భార్య అందుకుంది. “దిగేటప్పుడు కిందికి చూడకండి, ఎదురుగా దూరంగా చూడండి, కాళ్ళు రెండూ దగ్గర పెట్టుకోండి అని మొత్తుకుంటాను. వింటేగా!”

డాక్టరు చేతిలో దూది ఒక్క క్షణం ఆగింది. చీటీ రాసి ఆమెకిచ్చాడు. “కింద మందుల షాపులో కట్టు సామాను తీసుకురండమ్మా.”

“లిఫ్టంటే నాకు గుండె దడ. మెట్ల మీదే వెళ్తాను. ఆలస్యమవుతుంది,” అంటూ వెళ్ళింది.

తలుపు పడగానే డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఇప్పుడు చెప్పండి. విమానంలోంచి ఎన్నోసారి దూకడం?”

భర్త తలుపు వైపు చూశాడు.

“ఇరవై ఏళ్ళు పారాచూట్ దళానికి కట్లు కట్టానయ్యా. నేను పడ్డవాడి మాట వినను, ఎముక చూస్తాను. నేల దగ్గరపడగానే కిందికి చూశారు. అందుకుందామని ఒక కాలు చాపారు. బరువంతా దాని మీదే పడి చీలమండ విరిగింది. కూర్చుంటే నడుము కింద నొప్పా?”

“ప్రాణం పోతోంది.”

“భయపడి రెండో కాలు ఎత్తేశారన్నమాట. మణికట్టు?”

“వాచింది.”

“చెయ్యి కూడా ఆనించారు. భుజాల పట్టీలు వదులుగా కట్టుకున్నారు, గొడుగు విచ్చుకున్నప్పుడు ఝాడించింది. చెయ్యదగిన తప్పుల్లో ఒక్కటీ వదల్లేదు. ఎన్నోసారి?”

“నాలుగోసారి. మా ఆవిడకి చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను. స్టూలెక్కాలంటేనే దానికి వణుకు. ఇంట్లో బల్బు కూడా నేనే మార్చాలి. తెలిసిందంటే ఇక జన్మలో దూకనివ్వదు.”

“ఇన్నాళ్ళూ ఎలా కుదిరింది?”

“శనివారం శనివారం వాళ్ళక్కింటికి వెళ్తుంది. పొద్దున పోతే సాయంత్రమే రావడం. ఆ సందులో దూకడానికి ఊరవతల పాత మైదానానికి పోతాను.”

“ఊరికి ఇటువైపు కొత్త మైదానం దగ్గర కదా?”

“అక్కడ వందసార్లు దూకినవాళ్ళనే రానిస్తారు. నాలాంటివాళ్ళని గేటు దగ్గరే ఆపేస్తారు.”

తలుపు తోసుకుని భార్య వచ్చింది. మూడంతస్తులు ఎక్కొచ్చిన మనిషికి ఆయాసం లేదు. డాక్టరు కట్టు కట్టాడు.

“ఆరు వారాలు కాలు కదపకూడదు.”

“ఆరు వారాలా!” భార్య మొహం వాడిపోయింది. “అయితే శనివారాలు అక్కింటికి వెళ్ళడం ఎలా?”

“నువ్వు వెళ్ళవే. నా గురించి ఆగకు,” అన్నాడు భర్త, పెద్దమనసుతో. డాక్టరు గుట్టు కాపాడాడన్న సంతోషం మొహంలో దాగడం లేదు.

ఆయా చక్రాల కుర్చీలో అతన్ని లిఫ్టు వైపు తోసుకెళ్ళింది. మందుల చీటీ కోసం భార్య ఆగింది.

డాక్టరు రాస్తూ, తలెత్తకుండానే అన్నాడు. “మెట్లు దిగేవాళ్ళెవరూ కాళ్ళు రెండూ దగ్గర పెట్టుకోరమ్మా.”

ఆమె చీటీ కోసం చెయ్యి చాపింది.

“మీ అక్కగారిల్లు ఎన్నో అంతస్తు?”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

“ఆయనకి చెప్పనంటే చెప్తాను.”

“చెప్పను.”

“పదమూడు వేల అడుగులు.”