మాట్లాడింది మా వదినే

"వదినా, నువ్వు స్టారయిపోయావ్!" అంటూ అత్తయ్య ఫోనుతో వంటింట్లోకి వచ్చింది.

విదేశం నుంచి మా ఊరొచ్చి వెళ్లిన టీవీ ఆవిడ కార్యక్రమం ఫోనులో నడుస్తోంది. మొహాలు కనపడకుండా ముగ్గురు కూర్చున్నారు. తమ కుట్టు ఫ్యాక్టరీలో పనివేళ తలుపులకు బయట తాళం వేస్తారని వాళ్లలో మధ్యన కూర్చున్న అమ్మ చెబుతోంది. కింద కామెంట్లలో జనం టీవీ ఆవిడ ధైర్యాన్ని తెగ పొగుడుతున్నారు.

"అందరూ ఆవిణ్ణే మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండింది. మధ్యలో ఉన్నది మా వదినే అని రాసేశా. ఎన్ని లైకులో చూడు!"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "మొహం ఎందుకు దాచారనుకున్నావే? తీసెయ్, ముందది తీసెయ్!"

"తీసేస్తాలే, అరవకు. మీ మేనేజరే మెచ్చుకున్నాడు. ఎంత మర్యాదస్తుడో!"

నేను ఫోను తీసుకుని పైకి చదివాను. "మీ వదినగారు ధైర్యవంతురాలండీ. మిగతా ఇద్దరూ ఎవరు?"

"నువ్వేం చెప్పావు?" అంది అమ్మ.

అత్తయ్య ఫోను కోసం చెయ్యి చాచింది. ఆమె జవాబు కూడా నేనే చదివాను.

"మా పక్కింటి అక్కచెల్లెళ్లేనండీ."

దాని కింద మేనేజరు దండం పెడుతున్న బొమ్మ పెట్టాడు.