తేనెపట్టు కాపలా సూరమ్మ

ఒక తేనెపట్టుకు సూరమ్మ అనే తేనెటీగ కాపలా కాసేది. ఒకరోజు దొంగతనంగా దూరిన కందిరీగను తరిమేసింది. అందరూ మెచ్చుకున్నారు. ఆనాటి నుంచి సూరమ్మకు ఎవరిని చూసినా కందిరీగలాగే కనిపించసాగింది. పూలకెళ్లి వచ్చిన చెల్లెళ్లను, "మీ వాసన తేడాగా ఉంది" అంటూ రెక్కలు కొరికి తరిమేసింది. లోపల పిల్లలు ఆకలితో ఏడుస్తుంటే రాణి ఈగే గుమ్మం దగ్గరికొచ్చింది.

"ఎవరు నువ్వు?" అంది సూరమ్మ.

"నిన్ను కన్న తల్లినే."

"లోపలి నుంచి వస్తున్నావంటే, అప్పుడే దూరేశావన్నమాట" అని సూరమ్మ రాణి కాలు కొరికింది.

కాపలా లేకపోతే పట్టు దక్కదని రాణికి తెలుసు. అందుకే సూరమ్మను పనిలోంచి తీసేయలేదు. రోజూ పొద్దున్నే కాస్త పులిసిన తేనె తాగించి, మత్తుగా గుమ్మంలో నిలబెట్టసాగింది.

ఇప్పుడు సూరమ్మ ఇంట్లోవాళ్లను వారానికోసారే కొరుకుతోంది. పట్టంతా ఆ మాత్రానికే పండగ చేసుకుంటోంది.