గోడ మీది పేరు

"ఆగవయ్యా! ఆ బోర్డు బిగించకు."

డ్రిల్లింగ్ మెషిన్ ఆగింది. నిచ్చెన మీది వడ్రంగి కిందికి చూశాడు. ఎవరో ముసలాయన, రొప్పుతున్నాడు.

చప్పుడుకి డైరెక్టర్ బయటికి వచ్చాడు. సాయంత్రమే కొత్త ల్యాబ్ ప్రారంభం. ఒక కంప్యూటర్ పద్ధతి కనిపెట్టాడని అందరూ చెప్పుకునే ప్రొఫెసర్ పేరే దానికి పెడుతున్నారు.

"ఎవరండీ మీరు?"

"ఆ పేరు తీసెయ్యండి. ఈ పద్ధతి కనిపెట్టింది ఆ ప్రొఫెసర్ కాదు."

"పద్ధతేంటో తెలుసా అసలు?"

"ప్రోగ్రాముని ట్యాగుల్లో రాసుకుంటారు. దాన్ని చిప్‌కి అర్థమయ్యే మెషిన్ కోడ్‌గా మార్చే రూల్స్ విడిగా ఒక ఫైల్లో ఉంటాయి. కొత్త చిప్ వస్తే ఆ ఫైలొక్కటే మారుస్తారు. ఆ మార్పిడి చేసే కంపైలర్ జోలికి పోనక్కర్లేదు. అదంతా ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయి బుర్రలో పుట్టింది. ట్యాగులతో వెబ్ పేజీలు చేస్తారు గానీ కంపైలర్లు రాస్తారా అని అందరూ నవ్వితే, ఒక్కతే కూర్చుని చేసి చూపించింది. ఆయన తన పేరుతో అచ్చేసుకున్నాడు."

డైరెక్టర్ ముఖం ఎర్రబడింది.

"ఆయన పుస్తకం చదివే నేనింతవాణ్ణయ్యాను. నా ముందే ఆయన్ని దొంగంటారా?"

"దొంగని దొంగనక దొరంటారా?"

"ఆ అమ్మాయి మీ కూతురా?"

"కాదు."

"మరి మధ్యలో మీకెందుకండీ బాధ?"

"తను ఏనాడూ అడగలేదు కాబట్టి! చిన్న బళ్లో లెక్కలు చెప్పుకుంటూ బతికింది. పోయిన నెల చచ్చిపోయింది. ఇంకెవరడుగుతారు?"

ముసలాయన నిచ్చెనని రెండు చేతులా పట్టుకున్నాడు.

"గెంటెయ్ బయటికి!" డైరెక్టర్ అరిచాడు.

సెక్యూరిటీ గార్డు ముసలాయన వయసు కూడా చూడకుండా రెక్క పట్టుకుని లాక్కెళ్లాడు. "సిగ్గుండాలయ్యా!" అన్న కేక గేటు మూసుకునేదాకా వినబడుతూనే ఉంది.

బోర్డు గోడెక్కింది.

కోపం చల్లారని డైరెక్టర్ ప్రొఫెసర్ ఇంటికి ఫోన్ చేశాడు. ఆ మహానుభావుడు ఏ సభకీ రాడు, ఫోటోలు తీయించుకోడు. కనీసం ఈ మాటైనా చెవిన వెయ్యాలి. ప్రొఫెసర్ కూతురు ఫోనెత్తింది.

"నాన్నగారికి చెప్పండి మేడమ్, ఆయన పేరు పెట్టేశాం. ఎవడో పిచ్చివాడు తీసెయ్యమని గొడవ చేస్తే మెడపట్టి గెంటించాను."

అవతల తాళాల గలగల వినబడింది.

"ఏ గేటు దగ్గర వదిలేశారో చెప్పండి," అందామె. "మా నాన్నని ఇంటికి తెచ్చుకుంటాను."