జడ్జి క్రెన్షా గురించి నాలుగు మంచి మాటలు

"ఆ కాలు ఊపడం ఆపు తల్లీ, కాఫీ ఒలికిపోతోంది," అన్నాడు డెల్.

వినోనా కాలు ఆపి పెన్ను కొరకడం మొదలుపెట్టింది. టీవీలో సెనేట్ ఓటింగు నడుస్తోంది. జడ్జి క్రెన్షాను ఫెడరల్ అప్పీళ్ల కోర్టుకు పంపాలా వద్దా అన్నది ఇంకో పావుగంటలో తేలిపోతుంది.

లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల కోసం ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న లాయర్లు వీళ్లిద్దరూ. తొమ్మిదేళ్లుగా క్రెన్షా ముందు నిలబడి చీవాట్లు తింటున్నారు. మార్చిలో లాయర్ల సంఘం కమిటీ వినోనాకు ఫోన్ చేసింది. పైపదవికి పేరు వచ్చిన జడ్జి ఎలాంటివాడో, ఆయన చేతిలో దెబ్బలు తిన్నవాళ్లను వెతికి మరీ అడగడం వాళ్ల ఆనవాయితీ. చెప్పినవాళ్ల పేరు బయటికి రాదు. ఇక క్రెన్షా పని అయిపోయినట్టేనని ఆఫీసంతా చంకలు గుద్దుకుంది. వినోనా మాత్రం ముప్పావుగంట సేపు ఆయన్ని ఆకాశానికెత్తేసింది.

"అసలేం చెప్పావు వాళ్లకి?"

"ప్రతి కాగితం చదువుతాడన్నాను. ఎవరి సిఫారసూ వినడన్నాను. తొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదన్నాను. ఇందులో అబద్ధం ఏముంది?"

"మరి జాలి లేదని చెప్పావా? మనవాళ్లలో ఒక్కడికైనా ఒక్క నెల శిక్ష తగ్గించాడా ఆ మహానుభావుడు?"

"వాళ్లు అడగలేదు."

"నీకేం ఆశ చూపించాడు? ఆయన ఖాళీ చేసే కుర్చీయా?"

వినోనాకు ఒళ్లు మండిపోయింది. అయినా కళ్లు టీవీ మీదనుంచి తిప్పలేదు. "నోరు మూసుకుని ఓట్లు చూడు."

నలభై తొమ్మిది, నలభై తొమ్మిది. ఇద్దరు సెనేటర్లు ఇంకా సభలోకే రాలేదు. వినోనా లేచి కిటికీ దాకా వెళ్లింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఏళ్ల తరబడి చర్చి మొహం చూడని మనిషి పెదవులు కదుపుతూ దేవుణ్ణి పిలుచుకుంటోంది. ఇదంతా చూస్తుంటే డెల్‌కు అసహ్యం వేసింది.

ఆ ఇద్దరూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఇద్దరూ బొటనవేలు పైకెత్తారు.

"యాభై ఒకటి!" వినోనా కుర్చీలో కూలబడింది.

"గెలిచాడు నీ దేవుడు, పండగ చేసుకో!" డెల్ కోటు లాక్కున్నాడు. "రేపట్నుంచి నాతో మాట్లాడకు. నీ బల్ల పక్కన కూర్చోవడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది."

తలుపు ధడేల్మంది. వినోనాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిదేళ్ల స్నేహం అది. ఆమె ముక్కు తుడుచుకుని ఒక నంబరు నొక్కింది. మొదటి రింగుకే అవతల ఫోన్ ఎత్తారు.

"మిసెస్ బుకర్, నేను, మీ అబ్బాయి లాయర్ని."

"ఏమైందమ్మా?" అంది ముసలి గొంతు.

"ఇక మీవాడికి శిక్ష వేసేది ఆయన కాదు."