ఎడమకు ఒరిగిన గంటెలు

"గివి పొయ్యి మీదికా, పొయ్యి కిందికా? ముందు గది చెప్పు" అంది సత్యమ్మ, గంపలోంచి ఒక కర్ర గంటె తీసి వెలుతురుకు పట్టి చూస్తూ.

ఆ గంటె మెడ ఎడమవైపు ఒరిగి ఉంది, పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలాగ.

"అవి అమ్మేటియి కావత్తమ్మా" అంటూ వినీత గంపను బల్ల కిందికి తోసేసింది. ఆమె రెండు వేళ్లకు ప్లాస్టర్లున్నాయి. సత్యమ్మ ఆ వేళ్లను చూసింది, గంపను చూసింది.

"ఎమ్మెస్సీ చదివినవు గద బిడ్డా, పాసే అయినవా? మొన్న మీరిద్దరు షెడ్డు తలుపేసుకున్నంతసేపు నా టీవీ మినుకుమినుకుమన్నది. కొత్త జంట, ఎందుకడుగుడని ఊకున్న."

వినీత ముఖం ఎర్రబడింది. పక్కనే ఆమె భర్త ఆకాష్ తల ఎత్తకుండా వేపచెక్క చెక్కుతున్నాడు. అతని జుట్టులో ఒక చెక్కపొట్టు రింగు చిక్కుకుని ఉంది. తీసేయొచ్చు. కానీ చూడ్డానికి బాగుందని వినీత పొద్దుటి నుంచీ తీయలేదు.

తొర్రూరులో మామ వెంకట్రాజం పప్పుల హోల్‌సేల్ దుకాణం వెనకే ఈ రేకుల షెడ్డు. హైదరాబాద్ ఉద్యోగం మానేసి వచ్చిన కొడుకు, కొత్త కోడలితో కలిసి గంటెలు చెక్కుతానంటే వెంకట్రాజం పెద్ద మనసు చేసుకుని ఒప్పుకున్నాడు. దసరాలోపు ఒక్క పెద్ద ఆర్డరు రావాలి, లేకపోతే వచ్చి గల్లా మీద కూర్చోవాలి. అంతే షరతు. పైగా జనగామ నుంచి చెక్కుడు మిషన్ ఒకటి మోయించుకొచ్చాడు.

"లోకమంత మిషన్ల మీద పోతుంటే నువ్వు కత్తి పట్టుకొని కూసుంటవారా? నచ్చకుంటే సోమవారం వాపస్ పంపుత" అన్నాడు తెచ్చిన రోజు.

"బయట బోర్డు చూసినవా బాపూ? అచ్చంగా చేతిపని అని రాసి పెట్టినం."

"చూసిన. చేతినిండ పని అనైతే రాయలే."

ఆ మిషన్ ఇప్పుడు ఓ మూల టార్పాలిన్ కప్పుకుని అలిగిన అల్లుడిలా కూర్చుని ఉంది. ఈరోజే సోమవారం. వాపస్ తీసుకుపోయే ట్రాలీ ఆటో వచ్చేలోపే, వాళ్లు ఎదురుచూస్తున్న కారు వచ్చింది.

కారు దిగిన శ్రేయ హైదరాబాద్‌లో చేతితో చేసిన వస్తువులు మాత్రమే అమ్మే దుకాణం నడుపుతోంది. పుట్టింది జనగామలోనేనట. యాసను మాత్రం నగరం అంచున ఘట్‌కేసర్ దగ్గరే దింపేసి వెళ్లినట్టుంది. ఆకాష్ గంటెను తీసుకుని బొటనవేలితో నిమిరింది.

"చాలా నున్నగా ఉందండి."

"థాంక్స్ మేడమ్."

"అదే ప్రాబ్లమ్. ఒక్క కత్తి గాటు లేదు. ఇది మెషీన్ వర్క్. ఎన్నో ఏళ్లుగా ఇదే ఫీల్డ్‌లో ఉన్నా, నన్ను మోసం చేయలేరు."

ఆకాష్ అరచేతులు చాపి కాయలు చూపించాడు.

"జిమ్‌కి వెళ్తారా?" అందామె.

వినీతకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "లేదు మేడమ్. ఈయన ఒక్కో గంటె చేత్తోనే చెక్కుతుండు, నేను గరుకు కాగితం పెట్టి రుద్దుతున్న. నా వేళ్లు చూడుర్రి."

శ్రేయ వేళ్లు చూడలేదు. నేరుగా మూలకు నడిచి టార్పాలిన్ ఎత్తింది. "అనుకున్నా."

"అది మా బాపు తెచ్చిండు మేడమ్, ఇయ్యాల్నే వాపస్ పోతది" అన్నాడు ఆకాష్.

"అందరూ అలాగే చెప్తారు."

పప్పుల దుకాణం గల్లా వినీత కళ్ల ముందు కదిలింది. దాని వెనక ఆకాష్, జుట్టులో చెక్కపొట్టు లేకుండా. శ్రేయ విసురుగా వెనుదిరిగింది. ఆమె కాలు బల్ల కింది గంపకు తగిలి గంటెలు బయటికి దొర్లాయి.

ఆమె ఒకటి తీసింది. ఇంకొకటి తీసింది. తీర్థప్రసాదం అందుకున్నట్టు కళ్లకద్దుకోవడమే తక్కువ.

"ఇవి... ఎవరు చేశారు?"

ఆకాష్ వినీతను చూశాడు. వినీత నేలను చూసింది. శ్రేయకు అప్పుడు కనిపించాయి ఆ ప్లాస్టర్లు.

"మీరేనా? సిగ్గెందుకండీ?"

"అది కాదు మేడమ్, గవి..." వినీత కాలిని ఆకాష్ కాలు నొక్కింది.

"చూడండి, అన్నీ ఎడమవైపే ఒరిగాయి. ఒకే చేయి. ఒకే మనసు. ఇది మీ సంతకం. మొత్తం గంప నేను తీసుకుంటున్నా. ఇకనుంచి ప్రతి నెలా కావాలి. ఒక్కటి తిన్నగా వచ్చినా తిప్పి పంపేస్తా" అని, ఆకాష్ వైపు జాలిగా చూసి, "మీ ఆవిడ దగ్గర నేర్చుకోండి" అంది.

గంపతో సహా కారు వెళ్లిపోయింది. ఆకాష్ తన నున్నటి గంటెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వినీత పక్కన కూర్చుని భుజం తట్టింది.

"బాధ అయితుందా?"

"జిమ్‌కు పోతవా అన్నది, వినీ."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అంతలో వెంకట్రాజం లోపలికొచ్చాడు. దుకాణం ముందు శ్రేయ ఆయనకు ఆర్డరు సంగతి చెప్పి, దండం పెట్టి మరీ వెళ్లిందట.

"కోడలా, నీ చేతుల గింత పనితనం ఉన్నదని నాకెర్క లేకపాయె. ఇగ వీడు గల్లా మీద కూసునే పని లేదు." టార్పాలిన్ తీసి పక్కన పడేశాడు. "ట్రాలీ వచ్చింది. పట్టురా ఒక చెయ్యి, దీన్ని ఎక్కిద్దాం."

ఆకాష్ లేచి మిషన్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"ఉండనియ్యి బాపూ. గా గంపెడు గంటెలు చెక్కింది గీ మిషనే."