తడవని కాగితాలు

"ఒక్కటి తక్కువైనా ఫారం తీసుకోను. ముందే చెప్తున్నా," అన్నాడు ఆర్‌ఐ ఉదయ్ భాస్కర్, తల ఎత్తకుండానే.

లాలు భుజాన ఉన్న సంచి తీసి భార్య చేతికిచ్చాడు. ఎరువుల బస్తా లోపలుండే ప్లాస్టిక్ కవరును కోసి కుట్టిన సంచి అది. మంగ్లి గోళ్లతో ముళ్లు విప్పి, లోపలివి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, ఇంటి పట్టా, బ్యాంకు పాసుబుక్కు.

ఆర్‌ఐ అప్పుడు తలెత్తాడు.

చండ్రుగొండ అవతల, అడవి అంచున ఉన్న ఆ తండా మీద వాగు పడి ఇరవై రోజులైంది. నలభై ఇళ్లు పోయాయి. పోయిన ఇంటికి కొత్త ఇల్లిస్తామంటూ సర్కారు ఈ బడి వరండాలో బల్ల వేసింది. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లంతా వట్టి చేతులతో వచ్చినవాళ్లే. కాగితాలేవంటే వాగు వైపు చూపించారు. వాగు సంతకం పెట్టదు కదా, నకళ్లు తెచ్చుకోమని అందరినీ వెనక్కి పంపేశాడు ఆర్‌ఐ. నకళ్లిచ్చే చోట ఇంకా కరెంటు రాలేదని అతనికీ తెలుసు. అతను మాత్రం ఏం చేస్తాడు పాపం, పై నుంచి వచ్చిన ఆర్డరు అట్లా ఉంది.

"ఏమయ్యా, ఇవెట్లా మిగిలాయి? ఒక్క అక్షరం చెరగలేదే!"

లాలు బల్ల వైపే చూస్తున్నాడు.

"నిన్నే అడిగేది."

"ఉన్నయ్ సార్," అన్నాడు లాలు.

వెనక నిలబడ్డ భీమ్లా నవ్వాడు. లాలు ఇంటి పక్క ఇల్లే అతనిది. ఏ కాగితమూ లేకుండా ఈ వరుసలో నిలబడటం అతనికిది మూడోసారి.

"ఎందుకుండవ్ సార్! మా లాలుకు కాగితాల యావ తప్ప ఇంకోటి ఉంటే గద."

మంగ్లి వెనక్కి తిరిగింది. "నీకేం తెలుసని మాట్లాడుతున్నవ్ భీమ్లా బావా? ఊకో."

"నాకేంది, తండా మొత్తానికి తెలుసు."

తెలియకేం! రెండేళ్ల కిందట కూడా వాగు ఇట్లాగే వచ్చింది. ఆ రోజు లాలు కూలికి తల్లాడ పోయాడు. ఇంట్లో ఉన్న అతని తల్లి రూప్లి, మేకపిల్లను చంకన పెట్టుకుని గట్టెక్కింది. కాగితాలు వాగులో పోయాయి. కాగితాలు లేవని సాయం రాలేదు. వాటిని మళ్లీ పుట్టించుకునేసరికి ఏడాదిన్నర పట్టింది, లాలు చెప్పులు అరిగాయి. ఆ కోపమంతా ముసలిదాని మీదే తీర్చుకున్నాడు. "మేకను తెచ్చినవ్, కాగితాలు తేలే. ఇల్లు నీ మేక కట్టిస్తదా?" అని అన్నం ముందు కూర్చుని కూడా అనేవాడు. ఆమె తల వంచుకుని తినేది. కొత్త కాగితాలు చేతికొచ్చిన రోజునే అతను ఈ సంచి కుట్టి దూలానికి కట్టాడు.

ఆర్‌ఐ రేషన్ కార్డు మీద వేలు పెట్టి చదివాడు. "లాలు, మంగ్లి, ఇద్దరు పిల్లలు, రూప్లి. ఈ రూప్లి ఏది? పెద్దవాళ్లంతా వేలిముద్ర వేయాలి."

"మా అత్త సార్," అంది మంగ్లి. "వాగుల పోయింది."

"ఎప్పుడు?"

"గా రోజే."

పెన్ను ఆగింది. ఆర్‌ఐ కాగితాల వైపు చూశాడు, లాలు వైపు చూశాడు. మధిరలో అతనికీ ముసలి తల్లి ఉంది.

"అంటే, ఇవి తెచ్చుకునే టైము దొరికింది గానీ..." మిగతాది మింగేశాడు.

భీమ్లా మింగలేదు. "అందరం గట్టెక్కినంక చూస్తే ముసలామె లేదు సార్. ఈయన కాగితాలు మాత్రం భద్రంగున్నయ్. కన్నతల్లిని ఇడిసిపెట్టినోనికి ఇల్లు, మాకు మాత్రం రేపు రా, ఎల్లుండి రా!"

వరుసలో ఎవరో ఆడమనిషి "ఛీ" అంది. మంగ్లికి ఒళ్లు మండిపోయింది.

"సార్, నేను జెప్త ఇనుండ్రి..."

లాలు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వేలిముద్ర ఎయ్యి మంగ్లీ."

"నువ్వుండు! ఇంతమందిల గంత మాటంటే..."

"ఎయ్యమన్న గద."

వేసింది. ఆర్‌ఐ రూప్లి పేరు మీద ఎర్రగీత గీశాడు. "ఈమెది వేరే ఫారం. బుధవారం రండి," అని, ఇల్లు మంజూరైన చీటీ చింపి, లాలు మొహం చూడకుండానే అందించాడు.

గేటు దాటాక మంగ్లి ఇక ఆపుకోలేకపోయింది. "గట్ల నిలవడి మాటలు పడుతవేంది? ఒక్క ముక్క చెప్తే అందరి నోళ్లు మూతవడేటియి."

"వాళ్లన్నదాంట్ల తప్పేముంది?" అన్నాడు లాలు. "అమ్మ కన్నా నాకు కాగితాలే ఎక్కువైనయ్. రెండేండ్లు నా నోటెంట గదే మాట గద."

"పోనీ, ఇల్లన్న వచ్చింది," అంది మంగ్లి మెల్లగా.

"అవ్. వచ్చింది."

నాలుగడుగులు వేశాడో లేదో, చీటీ పట్టుకునే రోడ్డు పక్కన కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మంగ్లి సంచి తీసుకుని పక్కనే కూర్చుంది.

వాగొచ్చిన మూడో రోజు దొరికిన అత్త శవానికి ఆమె స్నానం చేయించినప్పుడు, ఆ సంచి శవం నడుముకే కట్టి ఉంది.